లండన్‌లో ఒక మామూలు మనిషిగా బాబాసాహెబ్

లండన్ చేరిన మన పిల్లలు వారం తిరక్కుండానే ఒక ఫోటో పంపుతారు. ప్రింరోజ్ హిల్ దగ్గర, కింగ్ హెన్రీస్ రోడ్‌లో 10వ నంబరు ఇల్లు. గోడ మీద నీలి రంగు గుండ్రటి పలక. 1921-22లో డాక్టర్ భీమ్‌రావ్ రామ్‌జీ అంబేద్కర్ ఇక్కడ నివసించారని ఆ పలక చెబుతుంది. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం ఆ ఇంటిని కొని స్మారకంగా మార్చింది. ఆ గుమ్మం ముందు నిలబడి ఫోటో దిగాలని ప్రతి అంబేద్కరైట్‌కీ ఉంటుంది.

దిగాల్సిందే. కానీ ఆ ఫోటోలో పడనిది ఒకటుంది. ఆ ఇంట్లో ఉన్ననాటికి ఆయన పేరు ముందు డాక్టర్ అనే మాట లేదు. ముప్పై ఏళ్ళ విద్యార్థి. బొంబాయిలో భార్యాబిడ్డలు, నెత్తిన అప్పు, జేబులో లెక్కపెట్టుకున్న షిల్లింగులు.

ఆయన డిగ్రీల జాబితా మనం గడగడా అప్పజెప్పగలం. ఆయన పొద్దున ఏం తిన్నారు, ఎక్కడిదాకా నడిచారు, ఏ బల్ల దగ్గర కూర్చున్నారు అన్నది అంతగా మాట్లాడుకోం. మాట్లాడుకోవాలి. ఎందుకంటే ఆ ఊరు ఆయనకు డిగ్రీలతో పాటు ఇంకొకటి కూడా ఇచ్చింది. కులం అడగని మామూలు రోజు ఎలా ఉంటుందో చూపించింది. ఆ తర్వాత ఆయన జీవితమంతా ఆ మామూలు రోజును ఇక్కడ మన వాడలకు తీసుకురావడానికి చేసిన పోరాటమే.

అన్నం ఉంది, నీళ్ళు లేవు

ఆ రోజు విలువ తెలియాలంటే ఒకసారి ఆయన చిన్నతనానికి వెళ్ళి రావాలి. 1891 ఏప్రిల్ 14న మౌ కంటోన్మెంట్‌లో పుట్టిన భీమ్‌రావ్ తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదార్. అయినా సతారా బడిలో ఆ పిల్లవాడు ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీదే కూర్చోవాలి. సాయంత్రం దాన్ని మళ్ళీ చుట్టి చంకన పెట్టుకుని ఇంటికి పోవాలి. దప్పికైతే కుళాయి తనంతట తాను తిప్పుకోకూడదు. బంట్రోతు వచ్చి తిప్పాలి. బంట్రోతు లేని రోజు నీళ్ళు లేవు. ఊళ్ళో మంగలి ఉన్నాడు, కానీ మహార్ పిల్లల తల ముట్టుకోడు. ఇంట్లో అక్కే జుట్టు కత్తిరించేది.

1901లో, తొమ్మిది పది ఏళ్ళ వయసులో, అన్నతోనూ తోటి పిల్లలతోనూ కలిసి కోరేగావ్‌లో ఉద్యోగం చేస్తున్న తండ్రి దగ్గరికి రైల్లో బయలుదేరారు. పిల్లలంతా కొత్త బట్టల్లో ఉన్నారు. మసూర్ స్టేషన్‌లో దిగారు. తండ్రికి ఉత్తరం అందలేదు, తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. వీళ్ళు మహార్లని తెలియగానే స్టేషన్ మాస్టర్ ముఖం మారిపోయింది. రెట్టింపు కిరాయి ఇస్తామన్నా ఎద్దుబండి వాళ్ళు ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు ఒప్పుకున్నాడు, కానీ పిల్లలే బండి తోలుకోవాలి, తాను పక్కన నడుస్తాడు. చేతిలో డబ్బుంది, బండి దొరకలేదు. డబ్బాలో అన్నముంది, రాత్రంతా గుక్కెడు నీళ్ళు దొరకలేదు. ఆ రాత్రిని ఆయన జీవితాంతం మర్చిపోలేదు.

బొంబాయి వచ్చాక కూడా బడిలో సంస్కృతం చదవాలంటే కుదరలేదు, పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. 1912లో బి.ఏ. పాసయ్యారు. బరోడా మహారాజు సయాజీరావ్ గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో న్యూయార్క్ వెళ్ళి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడి నుంచి 1916లో లండన్.

మొదటి లండన్, ఆ తర్వాత బరోడా

లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు అప్పటికి ఇరవై ఒక్క ఏళ్ళు. 1895లో దాన్ని స్థాపించిన వారిలో సిడ్నీ వెబ్ ఒకరు. కొలంబియాలో అంబేద్కర్ గురువు ప్రొఫెసర్ సెలిగ్మన్ తన శిష్యుడి గురించి ఆయనకే పరిచయ లేఖ రాసి పంపారు. ఫీజు 10 పౌండ్ల 10 షిల్లింగులు. మాకిండర్ దగ్గర భూగోళం, లోవెస్ డికిన్‌సన్ దగ్గర రాజకీయ భావాలు, హాబ్‌హౌస్ దగ్గర సామాజిక పరిణామం చదవడానికి పేరు నమోదైంది. అదే ఏడాది నవంబర్ 11న గ్రేస్ ఇన్‌లో బారిస్టర్ చదువుకూ చేరారు.

ఏడాది తిరిగేలోపే స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. పొడిగింపు రాలేదు. నాలుగేళ్ళలోపు తిరిగి వచ్చి చదువు కొనసాగించవచ్చని విశ్వవిద్యాలయం నుంచి అనుమతి తీసుకుని 1917 ఆగస్టులో బొంబాయిలో దిగారు. యుద్ధ సమయం. విడిగా ఓడలో పంపిన ఆయన పుస్తకాలు సముద్రంలో మునిగిపోయాయి. స్కాలర్‌షిప్ ఆగి చదువు మధ్యలో ఇంటికి తిరిగొచ్చిన విద్యార్థి ఎలా ఉంటాడో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. మన హాస్టళ్ళలో, యూనివర్సిటీల్లో అలాంటి వాళ్ళని చూస్తూనే ఉన్నాం.

షరతు ప్రకారం ఉద్యోగానికి బరోడా వెళ్ళారు. రైలు దిగగానే ఎదురైన ప్రశ్న, ఎక్కడ ఉండాలి? అమెరికా, యూరప్‌లలో గడిపిన ఐదేళ్ళు తాను అంటరానివాణ్ణన్న స్పృహను మనసులోంచి పూర్తిగా తుడిచేశాయని ఆయన తర్వాత రాసుకున్నారు. బరోడా స్టేషన్‌లో ఆ స్పృహ ఒక్కసారిగా తిరిగొచ్చింది. హిందూ హోటళ్ళలో చోటు లేదు. పార్సీ పేరు పెట్టుకుని ఒక పార్సీ సత్రంలో తల దాచుకున్నారు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని డజను మంది వచ్చారు. సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నారు. తెలిసిన వాళ్ళ ఇళ్ళ తలుపు తట్టినా గది దొరకలేదు. ఊరి తోటలో కూర్చుని, రాత్రి రైలెక్కి బొంబాయి వచ్చేశారు.

లండన్‌లో అద్దె కడితే గది ఇచ్చారు. బరోడాలో రాజు కొలువులో ఉద్యోగం ఉన్నా గది ఇవ్వలేదు. ఈ రెండు ఊళ్ళనూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆయన 1920లో మళ్ళీ ఎందుకంత పట్టుదలగా ఓడెక్కారో అర్థమవుతుంది.

ఒక రోజు

మధ్యలో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేశారు. అక్కడా సాటి అధ్యాపకులకు స్టాఫ్ రూమ్ నీళ్ళకుండను ఆయన ముట్టుకోవడం కంటగింపైంది. జీతంలో కొంత కూడబెట్టారు. 1920 జనవరిలో ‘మూక్‌నాయక్’ పత్రిక మొదలుపెట్టారు. కొల్హాపూర్ సాహూ మహారాజ్ సాయం, పార్సీ మిత్రుడు నవల్ భథేనా ఇచ్చిన 5,000 రూపాయల అప్పు తీసుకుని ఆ ఏడాది జూలైలో మళ్ళీ లండన్ బయలుదేరారు.

ఈసారి ఆయన దినచర్య ఎలా ఉండేదో జీవిత చరిత్రకారులు వివరంగా రాశారు. ఇంటి యజమానురాలు పిసినారి. పొద్దున టిఫిన్‌గా ఒక రొట్టె ముక్క, కాస్త చేప, కప్పు టీ. అది తిని నడక. ప్రింరోజ్ హిల్ నుంచి బ్రిటిష్ మ్యూజియం సుమారు నాలుగు కిలోమీటర్లు. బస్సులున్నాయి, భూగర్భ రైలూ ఉంది. ఎక్కొద్దని ఎవరూ అనరు. టికెట్ డబ్బు మిగిలితే రాత్రికి పనికొస్తుందని ఆయనే ఎక్కేవారు కాదు.

మసూర్ స్టేషన్‌లో డబ్బుంది, బండి ఎక్కనివ్వలేదు. లండన్‌లో బండి ఎక్కనిస్తారు, డబ్బు లేదు. అక్కడ అన్నముండి నీళ్ళు లేవు, ఇక్కడ నీళ్ళుండి అన్నం లేదు. ఈ రెండు కష్టాలూ ఒకటి కావు. పేదరికం కడుపును కాలుస్తుంది. అంటరానితనం కడుపుతో పాటు మనిషి ముఖాన్నీ తొక్కుతుంది. లండన్ ఆకలిని ఆయన భరించగలిగారంటే అందులో అవమానం లేదు కాబట్టే అని మాకనిపిస్తుంది.

మ్యూజియం రీడింగ్ రూమ్ 1857లో కట్టింది. 140 అడుగుల వ్యాసంతో గుండ్రటి గది, పైన పెద్ద గుమ్మటం. మార్క్స్ ఏళ్ళ తరబడి అక్కడ కూర్చునే రాశాడు. లెనిన్ కూడా అక్కడ చదివాడు. అప్పట్లో పాఠకుడిగా టికెట్ ఉంటే చాలు, రుసుము ఉండేది కాదు. కావలసిన పుస్తకం పేరు, కూర్చున్న సీటు నంబరు చీటీ మీద రాసిస్తే సిబ్బంది పుస్తకాన్ని బల్ల దగ్గరికే తెచ్చి ఇచ్చేవారు. సతారాలో కుళాయి తిప్పే బంట్రోతు కోసం ఎదురుచూసిన పిల్లవాడు పెద్దవాడై ఇక్కడ కూర్చున్నాడు. చీటీ రాస్తే చాలు, ఏ పుస్తకమైనా బల్ల మీదికి వస్తుంది. ఏ భాషదైనా, ఏ శాస్త్రమైనా, నీకు తగదని అనేవాళ్ళు లేరు.

పొద్దున తలుపులు తీసే వేళకు వెళ్ళి, మూసే వేళకు ఆయన చివరివాళ్ళలో ఒకరిగా బయటికి వచ్చేవారు. మధ్యాహ్న భోజనం దాదాపు లేనట్టే. ఒకసారి లోపల దాచుకుని రొట్టె తింటూ దొరికిపోయారని మనవాళ్ళు కథగా చెప్పుకుంటారు. మ్యూజియం అయ్యాక ఇంకో గ్రంథాలయం. ఈస్ట్ ఇండియా కంపెనీ కాలం నుంచి పేరుకున్న కాగితాలున్న ఇండియా ఆఫీస్ లైబ్రరీ, లండన్ విశ్వవిద్యాలయ లైబ్రరీ ఆయనకు రెండో ఇల్లు. రాత్రి గదికి వచ్చాక కప్పు బోవ్రిల్, కొన్ని బిస్కెట్లు. పది గంటలకు మళ్ళీ ఆకలి. మిత్రుడొకరు ఇచ్చిన అప్పడాలు రేకు పళ్ళెం మీద కాల్చుకుని, కప్పు పాలతో తిని, మళ్ళీ పుస్తకం. గదిలో తోడున్న మిత్రుడు తెల్లవారుజామున మెలకువ వచ్చి చూసినా ఆయన చదువుతూనే కనిపించేవారట.

ఇప్పుడు యూరప్ వెళ్ళేవాళ్ళు అక్కడి మనుషుల్లా నాలుగు రోజులు బతికి రావాలని ముచ్చటపడుతున్నారు. బాబాసాహెబ్ నాటకశాలలకు పోలేదు, విందులకు పోలేదు. అయినా ఆ ఊరి మనిషిలా బతకడమంటే ఆయన బతికిందే. అద్దె గది, నడిచే దారి, లైబ్రరీలో సీటు, మూలమీద పాత పుస్తకాల దుకాణం. ఆయన ఇవన్నీ వాడుకున్నారు. ఎవరూ ఆయన్ని ఆపి పుట్టుక అడగలేదు.

పక్కపక్కన కూర్చుని తినే చదువు

గ్రేస్ ఇన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అప్పట్లో లండన్‌లో బారిస్టర్ కావాలంటే పరీక్షలు పాసైతే సరిపోయేది కాదు. తాను చేరిన ఇన్‌లో, టర్ముకు ఇన్నిసార్లని, హాలులో మిగతా సభ్యులతో కలిసి రాత్రి భోజనం చేయాల్సి ఉండేది. నలుగురేసి ఒక జట్టుగా, పొడవాటి బల్లల దగ్గర కూర్చునేవారు. ఒకే పాత్రలోంచి వడ్డించుకునేవారు. శతాబ్దాల నాటి ఆచారం. భోజనాల లెక్క పూర్తికాకపోతే పట్టా వచ్చేది కాదు.

మన దేశంలో సహపంక్తి భోజనం సంఘ సంస్కర్తలు ప్రత్యేకంగా ఏర్పాటు చేసి, పత్రికల్లో వేయించుకునే కార్యక్రమం. దానికి వెళ్ళినవాళ్ళను కులం నుంచి వెలేసిన రోజులవి. అప్పటి లండన్‌లో న్యాయవాది కావడానికి కలిసి తినడం ఒక నిబంధన. స్టాఫ్ రూమ్ కుండ ముట్టుకుంటే ముఖం చిట్లించిన దేశం నుంచి వచ్చిన మహార్ యువకుడు ఆ హాలులో మరో ముగ్గురితో కలిసి తిన్నారు. లెక్క పూర్తి చేశారు. 1922 జూన్ 28న బారిస్టర్ అయ్యారు.

రూపాయి సమస్య, రొట్టె సమస్య

1921లో ఎం.ఎస్సీ. వచ్చింది. బ్రిటిష్ ఇండియాలో సామ్రాజ్య ఆదాయ వ్యయాలను రాష్ట్రాల మధ్య ఎలా వికేంద్రీకరించారన్నది దాని అంశం. తర్వాత డి.ఎస్సీ. కోసం రూపాయి సమస్యను ఎత్తుకున్నారు. దీన్ని మనం పుస్తకాల్లో సమస్యగానే చూస్తాం. లండన్‌లో రూపాయల మీద బతికే విద్యార్థికి అది రోజువారీ రొట్టె సమస్య కూడా.

లెక్క చూద్దాం. 1920 మొదట్లో రూపాయి విలువ 2 షిల్లింగులు దాటి ఉంది. దాన్ని 2 షిల్లింగుల దగ్గర నిలబెట్టాలని ప్రభుత్వం ప్రయత్నించి, నష్టాలపాలై, ఆ ఏడాది సెప్టెంబరులో చేతులెత్తేసింది. 1921 నాటికి రూపాయి 1 షిల్లింగు 4 పెన్నీల కిందికి జారింది. 2 షిల్లింగుల ధరలో పౌండు కావాలంటే 10 రూపాయలు చాలు. 1 షిల్లింగు 4 పెన్నీల ధరలో 15 రూపాయలు పెట్టాలి. 5,000 రూపాయల అప్పు మొదటి ధరలో 500 పౌండ్లు, రెండో ధరలో 333 పౌండ్లు. ఎవరో ఆఫీసులో కూర్చుని తీసుకున్న నిర్ణయానికి సామాన్యుడు ఎంత చెల్లిస్తాడో ఆ రెండంకెల తేడాలో ఉంది.

మారకం పడిపోతే ఎగుమతిదారుకు లాభం, అది దేశానికే లాభం అని వాదించేవాళ్ళు అప్పుడూ ఉన్నారు. ఆ లాభం ఎక్కడి నుంచి వస్తోందని అంబేద్కర్ అడిగారు. ధరలు పెరిగి కూలి పెరగకపోతే, వ్యాపారి లాభం కూలివాడి కంచంలోంచి వచ్చినట్టేనని తేల్చారు. ఆ రోజుల్లో పేరు మోసిన కీన్స్‌తో విభేదించడానికి కూడా వెనకాడలేదు. 1922 అక్టోబరులో థీసిస్ సమర్పించారు. పరీక్షకులు మార్పులు అడిగారు. డబ్బు అయిపోయింది, 1923 ఏప్రిల్‌లో బొంబాయి తిరిగి వచ్చి అక్కడి నుంచే సరిదిద్ది పంపారు. ఆ ఏడాది చివరికి డిగ్రీ వచ్చింది, పుస్తకమూ లండన్‌లో అచ్చయింది. దానికి ఆయన గురువు ఎడ్విన్ కానన్ ముందుమాట రాశారు. శిష్యుడి వాదనతో పూర్తిగా ఏకీభవించకపోయినా ఆ ముందుమాట రాశారు. అదీ చదువు మర్యాద.

ఆ ఊరిని నెత్తిన పెట్టుకోలేదు

ఇదంతా చెప్పి లండన్‌ను స్వర్గం చేయడం మా ఉద్దేశం కాదు. అది సామ్రాజ్య రాజధాని. మన పన్నులు, మన రైతుల చెమట చేరిన ఊరు. బాబాసాహెబ్‌కు ఆ సంగతి అందరికన్నా బాగా తెలుసు, ఎందుకంటే ఆ లెక్కల పుస్తకాలను వాళ్ళ లైబ్రరీలోనే కూర్చుని విప్పింది ఆయనే. వాళ్ళ గుమ్మటం కింద కూర్చుని వాళ్ళ పాలన తప్పులు వాళ్ళ భాషలోనే రాశారు. మనిషిగా చూసిన ఊరికి కృతజ్ఞత వేరు, దోచిన పాలనకు లొంగడం వేరు. ఆయన ఈ రెంటినీ కలిపేయలేదు.

ఇంకో మాట. లండన్‌లో ఆయన అర్ధాకలితో చదివిన ఆ రోజుల్లోనే బొంబాయి పరేల్‌లోని చాల్ గదుల్లో రమాబాయి లేమితో ఇల్లు నెట్టుకొచ్చారు. ఆమెకు పుట్టిన ఐదుగురు బిడ్డల్లో యశ్వంత్ ఒక్కడే దక్కాడు. ఆయన నడిచిన నాలుగు కిలోమీటర్లను మనం లెక్కపెడతాం. ఆమె రోజుల్ని ఎవరూ అంత వివరంగా రాయలేదు. నీలి పలక ఉన్న ఆ ఇంటి అద్దెలో ఆమె కష్టం కూడా ఉంది.

చెరువు దగ్గరికి

తిరిగి వచ్చిన నాలుగేళ్ళకు, 1927 మార్చి 20న, మహాడ్‌లో వేలమందితో నడిచి వెళ్ళి చవదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టారు. ఆ చెరువు అందరిదని పురపాలక సంఘం అప్పటికే తీర్మానించింది. తీర్మానం కాగితం మీద ఉంది, చెరువు సవర్ణుల చేతిలో ఉంది. ఆ నీళ్ళు తాగినందుకు మనవాళ్ళను కొట్టారు. కేసు పదేళ్ళు నడిచి 1937లో బొంబాయి హైకోర్టులో గెలిచారు. 1930లో ఆయన మళ్ళీ లండన్ వెళ్ళారు, ఈసారి రౌండ్ టేబుల్ సమావేశంలో అణగారిన వర్గాల ప్రతినిధిగా. ఒకప్పుడు బస్సు టికెట్ మిగుల్చుకుంటూ తిరిగిన ఊళ్ళోనే తన జనం హక్కుల లెక్క అడిగారు.

ఆ తర్వాత రాజ్యాంగం. 15వ అధికరణలోని రెండో భాగాన్ని మళ్ళీ ఒకసారి తెరిచి చూడండి. కులం పేరుతో ఎవరినీ ఆపకూడని చోట్ల జాబితా అందులో ఉంది. దుకాణాలు, భోజన హోటళ్ళు, బస చేసే హోటళ్ళు, వినోద స్థలాలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, అందరూ వచ్చిపోయే చోట్లు. ఒక మనిషి ఒక ఊళ్ళో పొద్దున్నుంచి రాత్రి దాకా గడపడానికి కావలసినవన్నీ ఇవే. రాజ్యాంగం ఎంతోమంది కలిసి రాసింది. కానీ ముసాయిదా కమిటీ అధ్యక్షుడు ఈ జాబితాలోని ప్రతి మాటకూ తన శరీరంతో అర్థం తెలుసుకున్న మనిషి. మసూర్ రోడ్డు, సతారా కుళాయి, బరోడా సత్రం, మహాడ్ చెరువు. ఇవి లేని రోజు ఎలా ఉంటుందో కూడా ఆయనకు తెలుసు, లండన్‌లో బతికారు కాబట్టి. 1956 డిసెంబర్ 6న ఆయన కన్నుమూశారు. ఆ జాబితా మాత్రం మన చేతిలో ఉంది.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి. హైదరాబాద్‌లో, విజయవాడలో గది అద్దెకు అడిగితే ఇంటిపేరు అడుగుతారు. అది చాలకపోతే మీరేమిట్లు అని అడుగుతారు. పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి పోయిందనుకుంటాం, ఎక్కడో ఒకచోట మళ్ళీ బయటపడుతుంది. తెలంగాణలో అంబేద్కర్ పేరుతోనే విదేశీ విద్యానిధి ఉంది. ఆ డబ్బుతో లండన్ వెళ్ళే మన పిల్లలు అక్కడ మన తోటి భారతీయుల నుంచే మళ్ళీ ఆ పాత ప్రశ్న వినాల్సి వస్తోంది. కులం కూడా పాస్‌పోర్టు తీసుకుని వెళ్ళింది. కుల వివక్షను సమానత్వ చట్టంలో స్పష్టంగా చేర్చాలని 2013లో బ్రిటిష్ పార్లమెంటు చెప్పింది. 2018లో అక్కడి ప్రభుత్వం ఆ పని చేయబోమని ప్రకటించింది. బాబాసాహెబ్‌ను కులం అడగని ఊళ్ళో, వందేళ్ళ తర్వాత కులం మీద చట్టం కోసం మనవాళ్ళు అడుగుతూనే ఉన్నారు.

కాబట్టి లండన్ వెళ్ళే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. నీలి పలక దగ్గర ఫోటో దిగండి. ఆ తర్వాత బస్సెక్కకుండా అక్కడి నుంచి మ్యూజియం దాకా ఒకసారి నడవండి. దారిలో ఎక్కడైనా ఆగి నీళ్ళు తాగండి. ఎవరూ ఏమీ అడగరు. ఇంటికి తిరిగి వచ్చాక మీ ఊరి బోరింగు దగ్గర, మీ ఊరి హోటల్లో, మీరు అడిగే అద్దె గది గుమ్మంలో ఆ నడకను గుర్తుపెట్టుకోండి. ఆయన మొదలుపెట్టిన పనిలో మిగిలింది అక్కడే ఉంది.